సహజీవనం: చట్టం ఇచ్చేదెంత, కాగితం ఇచ్చేదెంత?

పెళ్లి చేసుకోకుండా కలిసి జీవిస్తున్నవారి నుంచి ఈ శీర్షికకు వచ్చిన ఉత్తరాలను కొంతకాలంగా విడిగా తీసి పెడుతున్నాం. రాసినవారిలో ఎక్కువ మంది రెండు అపోహల్లో ఏదో ఒకదానిలో ఉన్నారు. సహజీవనానికి చట్టంలో ఏ రక్షణా లేదని కొందరు నమ్ముతున్నారు. కొన్నేళ్లు కలిసి ఉంటే చాలు, భార్యకున్న హక్కులన్నీ వాటంతటవే వచ్చేస్తాయని మరికొందరు అనుకుంటున్నారు. రెండూ నిజం కావు. హింస నుంచి కాపాడే విషయంలో, పిల్లల పోషణ విషయంలో చట్టం చాలా దూరమే వచ్చింది. ఆస్తి విషయంలో మాత్రం దాదాపుగా రాలేదు. రాసినవారిని ఎవరూ గుర్తుపట్టకుండా వివరాలు కుదించి, సమాధానాలు ఇస్తున్నాం.

ప్ర: నా వయసు ముప్పై నాలుగు. ఎనిమిదేళ్లుగా ఒక వ్యక్తితో కలిసి ఉంటున్నాను. ఇద్దరికీ అంతకుముందు పెళ్లి కాలేదు. అద్దె ఇంట్లో ఉన్నప్పుడు ఒప్పంద పత్రంలో నన్ను ఆయన భార్యగానే రాయించారు. చుట్టుపక్కల వాళ్లకు మేము భార్యాభర్తలమే. తర్వాత ఆయన పేరున ఫ్లాట్ కొన్నాం. బ్యాంకు రుణం ఆయన పేరు మీదే ఉన్నా, వాయిదాల్లో సుమారు సగం నా జీతం ఖాతా నుంచి ఆయన ఖాతాకు పంపుతూ వచ్చాను. ఏడాదిగా నా మీద చెయ్యి చేసుకుంటున్నాడు. పోయిన నెల తాళం మార్చేసి, "నువ్వు నాకేమవుతావు? ఏ హక్కుతో ఇక్కడ ఉంటావు?" అన్నాడు. పోలీసు స్టేషనుకు వెళితే పెళ్లి ధ్రువపత్రం తెమ్మన్నారు. ఇప్పుడు మా అక్క ఇంట్లో ఉంటున్నాను. నేను ఏం చేయాలి?

జ: అమ్మా, మీరు పెళ్లి ధ్రువపత్రం చూపించనవసరం లేదు. కొట్టడం అనేది ఎవరు ఎవరిని కొట్టినా నేరమే. ఫిర్యాదు తీసుకోవడానికి మీ మధ్య బంధం ఏమిటన్న ప్రశ్నే అక్కర్లేదు. అయితే మీకు కావలసింది కేవలం ఆయనకు శిక్ష పడటం కాదు, తల దాచుకునే చోటు, ఖర్చులకు డబ్బు, మళ్లీ చెయ్యి ఎత్తకుండా ఒక ఉత్తర్వు. ఇవన్నీ ఒకే దరఖాస్తుతో అడిగే వీలు 2005 నాటి గృహహింస నుంచి మహిళల రక్షణ చట్టంలో ఉంది. ఆ చట్టంలోని 2(ఎఫ్) నిబంధన రక్తసంబంధంతో, పెళ్లితో, దత్తతతో ఏర్పడిన బంధాలతో పాటు "వివాహం వంటి సంబంధం"లో ఒకే ఇంట్లో ఉన్న, లేదా గతంలో ఉన్న స్త్రీకి కూడా వర్తిస్తుంది. "గతంలో ఉన్న" అన్న మాటను గమనించండి. మీరు ఇప్పుడు అక్కగారింట్లో ఉన్నంత మాత్రాన మీ హక్కు పోదు.

ఏది వివాహం వంటి సంబంధం, ఏది కాదు అన్న దాని మీదే కోర్టులో అసలు వాదన నడుస్తుంది. 2010లో వేలుసామి వర్సెస్ పచ్చయమ్మాళ్ కేసులో సుప్రీంకోర్టు నాలుగు షరతులు చెప్పింది: సమాజం ముందు భార్యాభర్తల్లా కనబడి ఉండాలి, ఇద్దరికీ పెళ్లీడు వచ్చి ఉండాలి, ఇద్దరూ చట్టప్రకారం పెళ్లి చేసుకోగలిగిన స్థితిలో, అంటే మరొకరితో వివాహబంధంలో లేకుండా ఉండాలి, ఇష్టపూర్వకంగా చెప్పుకోదగ్గ కాలం కలిసి జీవించి ఉండాలి. 2013లో ఇంద్ర శర్మ కేసులో దీనిని మరింత విడమరిచి, ఎంతకాలం కలిసి ఉన్నారు, ఇంటి ఖర్చులు ఎలా పంచుకున్నారు, పిల్లలున్నారా, బంధుమిత్రుల ముందు ఎలా మెలిగారు వంటివి అన్నీ కలిపి చూడాలని చెప్పింది. మీ విషయంలో ఈ షరతులన్నీ నెరవేరుతున్నట్టే కనిపిస్తోంది.

కనిపించడం వేరు, రుజువు చేయడం వేరు. అందుకని ముందుగా ఆ అద్దె ఒప్పంద పత్రం ఎక్కడుందో వెతకండి. మీ దగ్గర లేకపోతే పాత ఇంటి యజమాని దగ్గర ఒక ప్రతి ఉండవచ్చు. ఒకే చిరునామా ఉన్న ఆధార్, గ్యాస్ కనెక్షన్ పుస్తకం, ఆసుపత్రిలో చేరినప్పుడు ఆయన సంతకం చేసిన పత్రం, ఆరోగ్య బీమాలో పేరు, కలిసి వెళ్లిన ప్రయాణాల టికెట్లు, శుభకార్యాల ఫొటోలు, ఫోనులో ఇద్దరి సంభాషణలు, ఇవన్నీ పనికొస్తాయి. ఫోను మార్చేటప్పుడు సందేశాలు పోతుంటాయి కాబట్టి ఆ పని ఇవాళే చూసుకోండి. దెబ్బలకు ఎప్పుడైనా డాక్టరు దగ్గరకు వెళ్లి ఉంటే ఆ చీటీ చాలా విలువైనది. మిమ్మల్ని దంపతులుగా ఎరిగిన ఇరుగుపొరుగు ఒకరిద్దరు సాక్ష్యం చెప్పడానికి ముందుకొస్తే కేసు నిలబడినట్టే.

దరఖాస్తు మేజిస్ట్రేటు కోర్టులో, 12వ సెక్షన్ కింద పెట్టుకోవాలి. మీరు తాత్కాలికంగా ఉంటున్న చోటి కోర్టులో కూడా వేయవచ్చు కాబట్టి, ఆయన ఉన్న ఊరికి తిరగనక్కర్లేదు. సొంతంగా వెళ్లవచ్చు, లాయరు ద్వారా వెళ్లవచ్చు, లేదా మహిళా శిశు సంక్షేమ శాఖ కింద పనిచేసే రక్షణ అధికారిని కలిస్తే ఆయనో ఆమెనో గృహ సంఘటన నివేదిక తయారుచేసి కోర్టుకు పంపుతారు. లాయరు ఖర్చు భరించలేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టంలోనే ఉంది. దరఖాస్తు అందిన మూడు రోజుల్లో మొదటి విచారణ తేదీ పెట్టాలని, 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. ఆచరణలో అంతకంటే ఎక్కువ కాలమే పడుతోంది. అందుకే 23వ సెక్షన్ కింద మధ్యంతర ఉత్తర్వులు కావాలని అదే రోజు అడగడం మరిచిపోకండి. అఫిడవిట్ ఆధారంగా, అవసరమైతే అవతలి వ్యక్తి హాజరు కాకముందే, మేజిస్ట్రేటు ఆ ఉత్తర్వు ఇవ్వగలరు. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘిస్తే ఏడాది వరకు జైలు, లేదా 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ ఉంటాయి.

ఇక ఫ్లాట్ సంగతి. 19వ సెక్షన్ కింద మిమ్మల్ని ఆ ఇంట్లో ఉండనివ్వమని, లేదా అదే స్థాయి వసతి వేరే చోట చూపించమని, లేదా అద్దె చెల్లించమని కోర్టు ఆదేశించవచ్చు. అది నివాస హక్కు మాత్రమే, యాజమాన్యం కాదు. రిజిస్ట్రేషన్ ఆయన ఒక్కరి పేరున ఉంది కాబట్టి చట్టం దృష్టిలో ఇల్లు ఆయనదే. ఇక్కడ ఒక మెలిక ఉంది. "సగం వాయిదాలు నేనే కట్టాను కాబట్టి సగం ఇల్లు నాదే" అని దావా వేస్తే, అది బినామీ లావాదేవీ కిందికి వస్తుందని, అలాంటి ఆస్తిని తిరిగి కోరడం చెల్లదని అవతలి పక్షం అడ్డుపడే అవకాశం ఉంది. తన డబ్బుతో భార్య పేరున, భర్త పేరున, పిల్లల పేరున కొన్న ఆస్తికి బినామీ చట్టం మినహాయింపు ఇచ్చింది కానీ, సహజీవన భాగస్వామి ఆ జాబితాలో లేరు. కాబట్టి ఇంటిలో వాటా అడగడం కంటే మీరు పంపిన డబ్బు తిరిగి రాబట్టుకునే దావాయే మీకు క్షేమమని నా అభిప్రాయం. దానికి సాధారణంగా మూడేళ్ల కాలపరిమితి ఉంటుంది. పాత వాయిదాలకు నెలనెలా ఆ గడువు జారిపోతూ ఉంటుంది కనుక, బ్యాంకు స్టేట్‌మెంట్లు మొత్తం కాలానికి తీయించుకుని త్వరలోనే లాయరును కలవండి.

మనోవర్తి కోసం పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లోని 125వ సెక్షన్ కింద, అంటే 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలోని 144వ సెక్షన్ కింద వెళ్లవచ్చా అని మీ తర్వాతి ప్రశ్న ఉంటుంది. అందులో "భార్య" అన్న మాటే ఉంది. దానికి విశాలమైన అర్థం చెప్పాలని 2010లో చన్ముణియా కేసులో సుప్రీంకోర్టు అభిప్రాయపడి, విషయాన్ని పెద్ద ధర్మాసనానికి నివేదించింది. 2018లో లలితా టోప్పో కేసులో, 125 కింద దొరకకపోయినా గృహహింస చట్టం కింద అంతకంటే ఎక్కువ ఉపశమనమే లభిస్తుందని చెప్పింది. అందుచేత వివాదం లేని దారి వదిలి వివాదం ఉన్న దారి పట్టవద్దు.

ప్ర: అయిదేళ్లు కలిసి ఉంటే పెళ్లి అయినట్టేనని ఒకరు, ఏడేళ్లని మరొకరు అంటున్నారు. సరైన సంఖ్య ఎంత?

జ: ఏ సంఖ్యా లేదు. మన దేశంలో ఇన్నేళ్లు నిండితే సహజీవనం పెళ్లిగా మారుతుందని చెప్పే కేంద్ర చట్టమేదీ లేదు. ఉన్నదల్లా ఒక ఊహ, అంటే న్యాయస్థానం చేసే అనుమితి. స్త్రీపురుషులు దీర్ఘకాలం భార్యాభర్తలుగా కలిసి జీవిస్తే, వారి మధ్య పెళ్లి జరిగే ఉంటుందని కోర్టు భావించవచ్చు. ఇది పాత సాక్ష్య చట్టంలోని 114వ సెక్షన్ నుంచి వచ్చినది. ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలో అది 119వ సెక్షన్. 1978లో బద్రీ ప్రసాద్ కేసులో సుమారు యాభై ఏళ్లు కలిసి ఉన్న దంపతుల పెళ్లిని, పురోహితుడినీ సాక్షులనూ అన్నేళ్ల తర్వాత తీసుకురమ్మనడం ఏం న్యాయమని ప్రశ్నిస్తూ, సుప్రీంకోర్టు గుర్తించింది. 2022లో కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఇదే ఊహ ఆధారంగా, అలాంటి జంటకు పుట్టిన కుమారుడికి కుటుంబ ఆస్తిలో వాటా దక్కింది.

ఇది ఖండించడానికి వీలున్న ఊహ. పెళ్లి జరగలేదని అవతలివారు గట్టి సాక్ష్యంతో రుజువు చేస్తే అక్కడితో కూలిపోతుంది. మేము పెళ్లి చేసుకోలేదు, చేసుకోదలచలేదు అని మీరే నలుగురిలో చెప్పుకుంటూ ఉంటే, రేపు ఆస్తి తగాదా వచ్చినప్పుడు ఈ ఊహను ఆశ్రయించడం కష్టం. ఇద్దరిలో ఒకరికి అప్పటికే జీవించి ఉన్న భార్యో భర్తో ఉంటే ఇది అసలు వర్తించదు.

ప్ర: నా భార్యతో పన్నెండేళ్లుగా విడిగా ఉంటున్నాను, విడాకులు కాలేదు. తొమ్మిదేళ్లుగా మరొకామెతో ఉంటున్నాను. మాకు ఆరేళ్ల బాబు. నాకేదైనా అయితే వీరిద్దరికీ ఏం దక్కుతుంది? గుడిలో తాళి కట్టేస్తే సరిపోతుందని స్నేహితులు సలహా ఇస్తున్నారు.

జ: ఆ సలహా వినకండి. మొదటి వివాహం రద్దు కాకుండా రెండో పెళ్లి చేసుకుంటే అది హిందూ వివాహ చట్టం ప్రకారం చెల్లదు సరికదా, పాత భారత శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 82వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు శిక్ష పడగల నేరం కూడా. తాళి కట్టకుండా కలిసి ఉండటం నేరం కాదు. ఇష్టం ఉన్న వయోజనుల మధ్య అక్రమ సంబంధాన్ని నేరంగా చూసే ఐపీసీ 497వ సెక్షన్‌ను 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు కొట్టివేసింది. అయితే దాని వల్ల మీ భార్య విడాకులు కోరే హక్కు, మనోవర్తి అడిగే హక్కు ఎక్కడికీ పోలేదు.

మీతో ఉన్నామె పరిస్థితి మీరు అనుకుంటున్న దానికంటే బలహీనంగా ఉంది. మీకు భార్య ఉన్నదని తెలిసే ఆమె మీతో జీవిస్తోంది. ఇంద్ర శర్మ కేసులో ఉన్నది సరిగ్గా ఇలాంటి పరిస్థితే. అది వివాహం వంటి సంబంధం కాదని, గృహహింస చట్టం వర్తించదని కోర్టు తేల్చింది. అలాంటి స్త్రీలకు, పిల్లలకు రక్షణ కల్పించే చట్టం చేయడం గురించి పార్లమెంటు ఆలోచించాలని కూడా ఆ తీర్పే కోరింది. అంటే మీరు వీలునామా రాయకుండా కన్నుమూస్తే, పన్నెండేళ్లుగా మీ మొహం చూడని భార్య మొదటి తరగతి వారసురాలు అవుతుంది. తొమ్మిదేళ్లుగా మీకు వండిపెట్టి, మందులు ఇచ్చినామె ఏ తరగతిలోనూ ఉండదు.

బాబు సంగతి వేరు. వాడి పోషణ బాధ్యత మీది. తల్లిదండ్రుల మధ్య పెళ్లి జరిగినా జరగకపోయినా ఆ బిడ్డకు మనోవర్తి ఇవ్వాల్సిందేనని నాగరిక సురక్షా సంహితలోని 144వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. వారసత్వంలో మాత్రం చిక్కు ఉంది. హిందూ వివాహ చట్టంలోని 16వ సెక్షన్, చెల్లని వివాహం వల్ల పుట్టిన పిల్లలను చట్టబద్ధ సంతానంగా గుర్తించి, తల్లిదండ్రుల ఆస్తిలో హక్కు ఇస్తుంది. 2023 సెప్టెంబరు 1న రేవణసిద్దప్ప కేసులో సుప్రీంకోర్టు, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో తండ్రికి రావలసిన వాటాలో కూడా అలాంటి పిల్లలకు భాగం ఉంటుందని స్పష్టం చేసింది. కానీ ఆ సెక్షన్ మాట్లాడేది ఏదో ఒక విధంగా జరిగిన పెళ్లి గురించి. అసలు పెళ్లే జరగనప్పుడు, హిందూ వారసత్వ చట్టం ఆ బిడ్డను ప్రధానంగా తల్లికి బంధువుగా చూస్తుంది. నేరమైన రెండో పెళ్లి చేసుకున్న తండ్రి బిడ్డకు ఉన్న హక్కు, ఆ నేరం చేయని తండ్రి బిడ్డకు లేకపోవడం వింతగానే ఉంటుంది. చట్టసభ సరిదిద్దవలసిన వింత ఇది.

కాబట్టి రెండు పనులు చేయండి. పన్నెండేళ్లు విడిగా ఉన్నారు కనుక, పరస్పర అంగీకారంతో గానీ మరో ఆధారంతో గానీ విడాకుల పిటిషన్ వేయించండి. అది తేలేలోపే వీలునామా రాయండి. మీ స్వార్జితం మొత్తాన్ని, ఉమ్మడి ఆస్తిలో మీ వాటానూ ఎవరికైనా రాసే స్వేచ్ఛ మీకుంది. ఉద్యోగ భవిష్యనిధి (పీఎఫ్) విషయంలో జాగ్రత్త: కుటుంబం ఉన్న ఉద్యోగి కుటుంబ సభ్యులనే నామినీగా పెట్టాలి, ఆ నిర్వచనంలో ఆమె రాదు. ఆ లోటును మిగతా ఆస్తితో పూడ్చేలా వీలునామా రాయించండి.

ప్ర: నాకు అరవై రెండు, ఆమెకు యాభై ఎనిమిది. నాకు భార్య, ఆమెకు భర్త చాలాకాలం కిందటే పోయారు. పిల్లలు నొచ్చుకుంటారని పెళ్లి వద్దనుకుని, నా ఇంట్లో కలిసి ఉంటున్నాం. నా తర్వాత ఆమెను ఎవరూ ఇల్లు ఖాళీ చేయమనకూడదు. అలాగని నా పిల్లలకు అన్యాయం జరగకూడదు. బ్యాంకులో ఆమెను నామినీగా పెట్టాను. అది చాలా?

జ: చాలదు. నామినీ అంటే డబ్బు చేతికి తీసుకునే మనిషి, యజమాని కాదు. మీ తర్వాత బ్యాంకు ఆమెకు డబ్బు ఇచ్చేస్తుంది, ఆ మరుసటి రోజు మీ వారసులు వచ్చి ఆ డబ్బు మాది అనవచ్చు. షేర్ల విషయంలోనూ నామినీకి యాజమాన్యం రాదని 2023 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. జీవిత బీమాలో తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీలైతే వారే హక్కుదారులు అవుతారు, ఇతరులు కారు. మీకు కావలసింది నామినేషన్, వీలునామా రెండూ ఒకే మాట చెప్పడం.

మీరు కోరుకున్న రెండు విషయాలూ ఒకే వీలునామాలో ఇముడుతాయి. ఇంటిలో ఆమె బతికినంతకాలం నివసించే హక్కు ఆమెకు, ఆ తర్వాత పూర్తి హక్కులు మీ పిల్లలకు అని రాయవచ్చు. అమ్మే హక్కు, తాకట్టు పెట్టే హక్కు ఆమెకు ఉండదన్న మాట, ఇంటి పన్ను, మరమ్మతులు ఎవరు భరించాలన్న మాట, ఆమె తనంతట తాను వెళ్లిపోతే ఏమవుతుందన్న మాట కూడా అందులోనే స్పష్టంగా ఉండాలి. తగాదాలు ఎక్కువగా ఈ చిన్న వాక్యాలు లేకపోవడం వల్లే వస్తాయి. వీలునామాకు ఇద్దరు సాక్షులు తప్పనిసరి. మీరు సంతకం చేయడం వారు చూసి, మీ ముందు సంతకం చేయాలి. లబ్ధి పొందేవారిని సాక్షిగా పెట్టకండి. వీలయితే మీకంటే చిన్న వయసు సాక్షులను ఎంచుకోండి, రేపు కోర్టులో చెప్పవలసింది వారే. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా మీ విషయంలో చేయించండి. సంతకం చేసిన నాటికి మతి స్థిమితంగా ఉన్నట్టు డాక్టరు ధ్రువపత్రం కూడా జతచేయండి. పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పడం మంచిదా అన్నది చట్టానికి సంబంధించిన ప్రశ్న కాదు కానీ, నేను చూసినంతవరకు చావు తర్వాత తెలిసిన వీలునామానే కోర్టుకెక్కుతుంది. ముస్లింలకు వేరే నియమం ఉంది: వారసుల అంగీకారం లేకుండా ఆస్తిలో మూడో వంతుకు మించి వీలునామా రాయలేరు.

బతికుండగానే ఆమె పేరున ఏదైనా రాసిద్దామనుకుంటే పన్ను సంగతి చూసుకోండి. ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో ఆమె మీకు బంధువు కాదు. అందుచేత ఒక ఆర్థిక సంవత్సరంలో మీరిచ్చే కానుకలు 50,000 రూపాయలు దాటితే ఆ మొత్తం ఆమె ఆదాయంగా లెక్కకు వస్తుంది. వీలునామా ద్వారా వచ్చినదానికి ఈ బెడద లేదు.

ఇంకొకటి మీరు అడగలేదు గానీ మీ వయసుకు అవసరం. ఆసుపత్రిలో అత్యవసర పరిస్థితి వస్తే నిర్ణయం చెప్పేదెవరు? గౌరవంగా మరణించే హక్కును గుర్తించిన 2018 నాటి కామన్ కాజ్ తీర్పును 2023 జనవరిలో సుప్రీంకోర్టు సరళం చేసింది. దాని ప్రకారం, కోలుకునే ఆశ లేని దశలో ఏ వైద్యం వద్దో ముందుగానే రాసిపెట్టి, మీ తరఫున మాట్లాడే వ్యక్తిగా ఆమె పేరును సూచించవచ్చు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి నోటరీతో గానీ గెజిటెడ్ అధికారితో గానీ ధ్రువీకరింపజేస్తే చాలు. ఆమె కూడా మీ పేరున ఇలాంటిదే ఒకటి రాయాలి.

ప్ర: నాకు ఇరవై, ఆమెకు పందొమ్మిది. ఇద్దరం ఇల్లు విడిచి వచ్చి కలిసి ఉంటున్నాం. నాకు ఇరవై ఒకటి నిండేవరకు పెళ్లి కుదరదు. ఆమె తండ్రి కిడ్నాప్ కేసు పెడతానంటున్నారు. మమ్మల్ని విడదీయగలరా?

జ: ఇద్దరికీ పద్దెనిమిది నిండాయి కాబట్టి చట్టప్రకారం విడదీయలేరు. 2018లో కేరళకు చెందిన నందకుమార్ కేసులో, వరుడికి ఇరవై ఒకటి నిండకపోయినా, వయోజనులైన ఇద్దరికీ పెళ్లితో నిమిత్తం లేకుండా కలిసి జీవించే హక్కు ఉందని సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పారిపోయి దాక్కోవడం మీకే నష్టం. ఆమె వయసు రుజువు చేసే పదో తరగతి ధ్రువపత్రంతో ఇద్దరూ స్టేషనుకు వెళ్లి, తన ఇష్టప్రకారమే వచ్చానని ఆమెతో రాతపూర్వకంగా చెప్పించండి. దాడి భయం ఉంటే హైకోర్టులో రిట్ వేసి పోలీసు రక్షణ కోరవచ్చు. అన్ని హైకోర్టు ధర్మాసనాలూ ఇలాంటి పిటిషన్లకు ఒకేలా స్పందించలేదన్నది నిజం. అందుకే బెదిరింపుల రికార్డులు, పోలీసులకు ముందే ఇచ్చిన దరఖాస్తు ప్రతి దగ్గర ఉండాలి. ఈ ఉత్తరం చదివే ఇతరులకు ఒక హెచ్చరిక: అమ్మాయికి పద్దెనిమిది నిండకపోతే ఇందులో ఒక్క మాటా వర్తించదు. ఆమె ఇష్టంతో వచ్చినా పోక్సో (లైంగిక నేరాల నుంచి బాలల రక్షణ చట్టం) కేసు అవుతుంది.

ప్ర: నాలుగేళ్లు కలిసి ఉన్న తర్వాత విడిపోదామనుకుంటున్నాను. "పెళ్లి చేసుకుంటానని మోసం చేశావని కేసు పెడతాను" అని ఆమె అంటోంది. మొదట్లోనే వంద రూపాయల స్టాంపు కాగితం మీద ఎవరికీ ఎవరిమీదా హక్కులు ఉండవని రాసుకున్నాం. అది నన్ను కాపాడుతుందా?

జ: పూర్తిగా కాదు. పెళ్లి చేసుకునే ఉద్దేశం లేకుండానే మాట ఇచ్చి శారీరక సంబంధం పెట్టుకోవడం భారతీయ న్యాయ సంహితలోని 69వ సెక్షన్ కింద పదేళ్ల వరకు జైలు శిక్ష పడగల నేరం. ఇక్కడ చూసేది మాట ఇచ్చిన నాటి ఉద్దేశం. నిజాయతీగా ఇచ్చిన మాట తర్వాత నిలబెట్టుకోలేకపోవడం వేరు, మొదటినుంచీ అబద్ధమే చెప్పడం వేరని 2019లో ప్రమోద్ సూర్యభాన్ పవార్ కేసులో సుప్రీంకోర్టు తేడా చెప్పింది. ఏళ్ల తరబడి ఇష్టంతో సాగిన సంబంధాలు చెడినప్పుడు పెట్టిన ఇలాంటి కేసులను పలుమార్లు కొట్టివేసింది కూడా. అసలు మీరు ఆమెకు ఏం చెప్పారో మీకే తెలుసు. అబద్ధం చెప్పి ఉంటే ఏ స్టాంపు కాగితమూ అడ్డు రాదు.

ఆ కాగితం విలువ ఎంతవరకంటే, ఎవరి వస్తువులు ఎవరివి, అద్దె అడ్వాన్సు ఎవరిచ్చారు, ఉమ్మడి ఖాతాలో డబ్బు ఎలా పంచుకోవాలి వంటి లెక్కల వరకే. గృహహింస చట్టం ఇచ్చిన రక్షణను వదులుకుంటున్నానని ఆమెతో రాయించినా, పుట్టబోయే బిడ్డకు మనోవర్తి ఇవ్వనని మీరు రాసుకున్నా అది చెల్లదు. చట్టం ఇచ్చిన హక్కును ఇలా ప్రైవేటు ఒప్పందంతో తీసివేయలేరు.

ప్ర: మేమిద్దరం స్త్రీలం. కలిసి ఉంటున్నాం. మాకు ఏమైనా హక్కులున్నాయా?

జ: 2018లో నవతేజ్ జోహార్ తీర్పుతో మీ సంబంధం నేరం కాకుండా పోయింది. 2023 అక్టోబరు 17న సుప్రియో కేసులో స్వలింగ వివాహానికి గుర్తింపు ఇవ్వడానికి సుప్రీంకోర్టు నిరాకరించింది కానీ, కలిసి జీవించడాన్ని ఎవరూ అడ్డుకోరాదని చెప్పింది. ఆ తర్వాత 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ, మీవంటి వారు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికీ ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ ఎలాంటి ఆంక్షా లేదని స్పష్టం చేసింది. బ్యాంకులో ఎవరైనా కాదంటే ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వమనండి. వీలునామా, వైద్య నిర్ణయాల గురించి పైన పెద్దాయనకు చెప్పినవన్నీ మీకూ వర్తిస్తాయి.

ప్ర: పెళ్లి కాకుండానే తల్లినయ్యాను. అతను వెళ్లిపోయాడు. పాప జనన ధ్రువపత్రంలో తండ్రి పేరు లేకపోతే బడిలో చేర్చుకుంటారా? మరొకరితో కలిసి జీవితం మొదలుపెడితే మేమిద్దరం ఒక బిడ్డను దత్తత తీసుకోవచ్చా?

జ: తండ్రి పేరు చెప్పమని మిమ్మల్ని ఎవరూ బలవంతం చేయలేరు. 2015లో సుప్రీంకోర్టు, అవివాహిత తల్లి అఫిడవిట్ ఇస్తే ఆమె పేరుతోనే జనన ధ్రువపత్రం ఇవ్వాలని ఆదేశించింది. పాపకు సహజ సంరక్షకురాలు కూడా చట్టప్రకారం మీరే. పాస్‌పోర్టుకూ తల్లి పేరు ఒక్కటి సరిపోతుంది. ఇంతమాత్రాన అతని బాధ్యత తీరిపోదు. పాప తరఫున మనోవర్తి అడగవచ్చు, అతను కాదంటే డీఎన్‌ఏ పరీక్షకు కోర్టును కోరవచ్చు. దత్తత మాత్రం సహజీవన జంటగా కుదరదు. జంటగా దత్తత తీసుకోవాలంటే కనీసం రెండేళ్ల స్థిరమైన వైవాహిక జీవితం ఉండాలని 2022 నాటి దత్తత నిబంధనలు చెబుతున్నాయి. ఒంటరి మహిళగా మీరు దరఖాస్తు చేయవచ్చు.

ప్ర: కలిసి ఉంటున్న జంటలు ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోకపోతే జైలుకు పంపుతారని ఫోన్లలో సందేశాలు వస్తున్నాయి. నిజమేనా?

జ: ఉత్తరాఖండ్‌కు సంబంధించినంతవరకు నిజం. అక్కడ 2024లో చేసిన ఉమ్మడి పౌరస్మృతి 2025 జనవరి 27 నుంచి అమల్లోకి వచ్చింది. కలిసి జీవించడం మొదలైన నెలలోపు రిజిస్ట్రారుకు తెలియజేయాలి. లేకపోతే మూడు నెలల వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అదే చట్టం అలాంటి జంట పిల్లలను చట్టబద్ధ సంతానంగా గుర్తించి, భాగస్వామి విడిచిపెట్టిన స్త్రీకి మనోవర్తి కోరే హక్కునూ ఇచ్చింది. వ్యక్తుల అంతరంగిక జీవితంలోకి రాజ్యం ఇంతగా తొంగి చూడాలా అన్నది నాకున్న అభ్యంతరం. తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవారికి ఈ నిబంధన లేదు. ఉద్యోగరీత్యా ఆ రాష్ట్రానికి మారి కలిసి ఉండబోయేవారు మాత్రం వెళ్లిన మొదటి నెలలోనే ఆ పని పూర్తిచేసుకుని రసీదు తీసుకోవాలి.